ర్యామ్ చాలడం లేదా, కనబడటం లేదా, అబద్ధమాడుతోందా?

హాస్టల్లో ఎవరి ల్యాప్‌టాప్ మొరాయించినా వినబడే సలహా ఒకటే: "ర్యామ్ పెంచరా, అదే సెట్ అయిపోతుంది." చెప్పేవాడి జేబులోంచి పోయేది ఏమీ లేదు కాబట్టి సలహా చాలా చవక. వినేవాడికి మాత్రం కొన్ని వేలు ఖర్చు. అంతా పెట్టాక కూడా మిషన్ అలాగే ఉంటే అప్పుడు మొదలవుతుంది అసలు గోల.

మా బ్లాకులో చిన్న స్క్రూడ్రైవర్ల సెట్ ఉన్నది నా దగ్గరే. అందుకని రెండేళ్లుగా మూత విప్పాల్సిన ల్యాప్‌టాప్‌లన్నీ నా గదికే వస్తున్నాయి. అలా చూసినవాటిలోంచి నాకు అర్థమైంది ఇది: ర్యామ్‌కు వచ్చే జబ్బులు మూడు. ఒకటి, చాలకపోవడం. రెండు, ఉన్నా కనబడకపోవడం. మూడు, పెట్టినది ఒకటైతే తిరిగి ఇచ్చేది ఇంకొకటి కావడం, అంటే అబద్ధమాడటం. కొత్త ర్యామ్ కొంటే తగ్గేది మొదటి జబ్బు మాత్రమే. మిగతా రెండింటికీ అదే మందు వేస్తే పుండొకచోట, మందొకచోట అన్నట్టు ఉంటుంది. కాబట్టి డబ్బు తీసే ముందు జబ్బు ఏదో తేల్చుకోవాలి.

ఈ వ్యాసంలో నేను ముఖ్యంగా చెప్పేది వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్‌ల గురించి. డెల్ ప్రెసిషన్, హెచ్‌పీ జెడ్‌బుక్, లెనోవో థింక్‌ప్యాడ్ పీ సిరీస్ లాంటివి. కంపెనీలు కొన్నేళ్లు వాడి వదిలేసినవి సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయి. సికింద్రాబాద్ సీటీసీ చుట్టూ తిరిగినవాళ్లకు ఇవి పరిచయమే. బరువు ఎక్కువ, బ్యాటరీ తక్కువ, కానీ ప్రాజెక్ట్ పనికి గట్టి పిండాలు. 2018లో వచ్చిన ప్రెసిషన్ 7530, థింక్‌ప్యాడ్ పీ52 లాంటి వాటిలో నాలుగు ర్యామ్ స్లాట్లుంటాయి, 128 జీబీ వరకు పెట్టుకోవచ్చు. మామూలు ల్యాప్‌టాప్‌లో ఒకటో రెండో స్లాట్లుంటాయి. సూత్రాలు మాత్రం రెండింటికీ ఒకటే.

అవధానికి ధారణ, ప్రాసెసర్‌కు ర్యామ్

మన క్లబ్ వాళ్లకు అష్టావధానం గురించి చెప్పక్కర్లేదు. ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని ఒకరి తర్వాత ఒకరు అడుగుతుంటారు. అవధాని ఒక్కో పద్యంలో ఒక్కో పాదం చెబుతూ వెళ్తాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి అల్లరి ఉండనే ఉంటుంది. చివర్లో పద్యాలన్నీ పొల్లుపోకుండా ఒప్పజెప్పాలి. అదే ధారణ. అవధాని ఇంట్లో ఎన్ని పుస్తకాలున్నా వేదిక మీద పనికొచ్చేది ఆ క్షణంలో తలలో ఉన్నదే. ఆ పుస్తకాల బీరువా మన ఎస్‌ఎస్‌డీ. ఆ తల మన ర్యామ్.

ర్యామ్ లోపల ఒక్కో బిట్టుకు ఒక చిన్న కెపాసిటర్, దానికి కాపలాగా ఒక ట్రాన్సిస్టర్. ఐబీఎమ్‌లో రాబర్ట్ డెనార్డ్ కనిపెట్టిన ఈ ఏర్పాటుకు 1968లో పేటెంట్ వచ్చింది. ఇప్పటికీ డీర్యామ్ అంతా దాని మీదే నడుస్తోంది. కెపాసిటర్‌లో చార్జ్ ఉంటే 1, లేకపోతే 0. చిల్లు కుండలో నీళ్లలాగా ఆ చార్జ్ కారిపోతూనే ఉంటుంది. అందుకే మామూలుగా ప్రతి 64 మిల్లీసెకన్లకు ఒకసారి ప్రతి గడినీ చదివి మళ్లీ నింపాలి. దీన్నే రిఫ్రెష్ అంటారు. 16 జీబీ అంటే సుమారు 13,744 కోట్ల బిట్లు. ఇన్ని కుండలను సెకనుకు పదిహేను సార్లకు పైగా నింపుతుండగా ఒక్కటీ తప్పకూడదు. ఇది గుర్తుంచుకుంటే మూడో జబ్బు ఎందుకు వస్తుందో తర్వాత తేలిగ్గా అర్థమవుతుంది.

చాలడం లేదని ఎలా తెలుస్తుంది

విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో మెమరీ చూడండి. చాలామంది "ఇన్ యూజ్" అంకె చూసి భయపడతారు. దాంతోపాటు "కమిటెడ్" కూడా చూడాలి. అది ప్రోగ్రామ్‌లన్నీ కలిసి అడిగి తీసుకున్న మొత్తం. మీ పని జోరుగా నడుస్తున్నప్పుడు కమిటెడ్ మీ ర్యామ్ కన్నా బాగా ఎక్కువై, అవైలబుల్ అడుగంటి, డిస్క్ కూడా ఆగకుండా తిరుగుతుంటే ర్యామ్ చాలడం లేదన్నట్టే. లినక్స్‌లో ఫ్రీ కమాండ్ ఇస్తే "ఫ్రీ" అనే గడి దాదాపు ఖాళీగా కనబడుతుంది. కంగారు వద్దు. మిగిలిన ర్యామ్‌ను లినక్స్ ఫైళ్ల క్యాష్‌కు వాడుకుంటుంది, అవసరమైతే వెంటనే వదిలేస్తుంది. చూడాల్సింది "అవైలబుల్" గడి.

ర్యామ్ చాలనప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ కొంత సరుకును డిస్క్‌కు పంపిస్తుంది. ర్యామ్ నుంచి ఒక ముక్క తేవడానికి సుమారు 100 నానోసెకన్లు పడితే, మంచి ఎన్‌వీఎమ్ఈ ఎస్‌ఎస్‌డీకి కూడా పదుల మైక్రోసెకన్లు పడుతుంది. అంటే కొన్ని వందల రెట్లు ఆలస్యం. వేదిక మీద అవధాని ప్రతి పాదానికీ లేచి ఇంటికెళ్లి పుస్తకం చూసుకుని వచ్చినట్టు.

ఎంత కావాలో చాలాసార్లు కాగితం మీదే లెక్కేయొచ్చు. 30,000 అడ్డువరసలు, 30,000 నిలువువరసలు ఉన్న మ్యాట్రిక్స్ తీసుకోండి. మొత్తం 90 కోట్ల అంకెలు. డబుల్ ప్రెసిషన్‌లో ఒక్కోదానికి 8 బైట్లు, అంటే 720 కోట్ల బైట్లు, 7.2 జీబీ. దాన్ని సాల్వ్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఇంకో కాపీ చేసుకుంటే 14.4 జీబీ. 16 జీబీ మిషన్‌లో విండోస్‌కూ బ్రౌజర్‌కూ ఇక మిగిలేది ఏముంది? ఇక్కడ 32 జీబీ నిజంగా అవసరం.

అయితే అదే మ్యాట్రిక్స్‌లో 99 శాతం సున్నాలే ఉంటే? మన ఫైనైట్ ఎలిమెంట్ లెక్కల్లో జరిగేది దాదాపు ఇదే. దాన్ని స్పార్స్ రూపంలో దాస్తే కొన్ని వందల ఎంబీల్లో సరిపోతుంది. పైథాన్‌లో డేటా చదివేటప్పుడు అవసరం లేని చోట 64 బిట్ల రకం బదులు 32 బిట్ల రకం పెడితే సగం ఖాళీ అవుతుంది. పైసా ఖర్చు లేని అప్‌గ్రేడ్ ఇది. ముందు ఇది చేసి చూడండి, అప్పటికీ చాలకపోతే కొనండి.

కొనే ముందు చూడాల్సినవి

టాస్క్ మేనేజర్‌లోనే కింద "స్లాట్స్ యూజ్డ్" అని ఉంటుంది. 4లో 2 అని ఉంటే ఇంకా రెండు ఖాళీ. కింద మూత తీస్తే రెండే స్లాట్లు కనబడ్డాయని కొందరు గాభరా పడతారు. నాలుగు స్లాట్ల వర్క్‌స్టేషన్లలో చాలావాటికి మిగతా రెండు కీబోర్డ్ కింద ఉంటాయి. అక్కడికి చేరాలంటే కీబోర్డ్ విప్పాలి. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ కంపెనీ సైట్లో ఉచితంగా దొరుకుతుంది, అది చదవకుండా స్క్రూ ముట్టుకోవద్దు. సన్నని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేసేస్తారు. వాటికి పెంచడం అనే మాటే లేదు, కొనేటప్పుడే చూసుకోవాలి. 2022 నాటి ప్రెసిషన్ 7670 నుంచి క్యామ్ అనే కొత్త ఆకారం కూడా వచ్చింది. దానికి పాత కర్ర ఆకారం ర్యామ్ సరిపోదు.

తర్వాత రకం. ల్యాప్‌టాప్ ర్యామ్ ముక్కను ఎస్ఓ-డిమ్ అంటారు. డీడీఆర్3కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260, డీడీఆర్5కి 262. గాడి ఉండే చోటు కూడా మారుతుంది కాబట్టి ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దిగదు. దిగడం లేదంటే బలం చాలక కాదు, రకం వేరని అర్థం. నొక్కొద్దు. డీడీఆర్3లో మాత్రం ఒక చిక్కుంది. మామూలు దానికి 1.5 వోల్టులు, ఎల్ అక్షరం ఉన్నదానికి 1.35 వోల్టులు. రెండూ ఒకే ఆకారం. ఇంటెల్ నాలుగో తరం నుంచి ల్యాప్‌టాప్‌లకు ఎల్ ఉన్నదే కావాలి.

పాత ముక్క మీద లేబుల్ చదవడం నేర్చుకుంటే షాపులో మోసపోరు. "16 జీబీ 2ఆర్‌ఎక్స్8 పీసీ4-2666వీ" అని ఉందనుకోండి. పీసీ4 అంటే డీడీఆర్4. 2666 అంటే సెకనుకు 266.6 కోట్ల బదిలీలు. 2ఆర్ అంటే రెండు ర్యాంకులు, ఎక్స్8 అంటే ఒక్కో చిప్పు ఒకేసారి 8 బిట్లు ఇస్తుంది. కొన్ని లేబుళ్ల మీద పీసీ4-21300 అని ఉంటుంది. అది వేరే వేగం కాదు, 2666ను 8 బైట్లతో గుణించి కాస్త సవరించిన అంకె. అలాగే పీసీ4-25600 అంటే 3200. వేగం ఎక్కువ ఉన్నది తక్కువ ఉన్నదానితో కలిపితే అన్నీ తక్కువదాని వేగానికే నడుస్తాయి. ఎడ్లబండికి ఒకవైపు గుర్రం కట్టినట్టే. కాబట్టి మీ మిషన్ 2666కి మించి వెళ్లనప్పుడు 3200 ముక్కకు ఎక్కువ డబ్బివ్వడం దండగ.

ఇక జంటలు. ప్రాసెసర్‌కు ర్యామ్‌కు మధ్య మామూలుగా రెండు దారులుంటాయి, వీటిని చానెళ్లంటారు. డీడీఆర్4 3200కి ఒక్కో దారిలో సెకనుకు 25.6 జీబీ వెళ్తుంది, రెండూ తెరుచుకుంటే 51.2 జీబీ. అందుకే 16 జీబీ ముక్క ఒకటి పెట్టడం కన్నా 8 జీబీవి రెండు పెట్టడం మేలు. 8, 16 కలిపి పెట్టొచ్చా అని అడుగుతారు. పెట్టొచ్చు. ఇంటెల్ మిషన్లలో రెండింటిలోంచి 8, 8 కలిసి మొత్తం 16 జీబీ వరకు రెండు దారుల్లో నడుస్తుంది, మిగిలిన 8 ఒకే దారిలో. కొంప మునిగేదేమీ లేదు. నాలుగు స్లాట్లున్న చోట ఒక్కో దారి మీద రెండేసి స్లాట్లుంటాయి. ఏ స్లాట్ ఏ దారిదో మాన్యువల్‌లో చూసి జంటలుగా సర్దండి. కొన్ని యంత్రాలు నాలుగూ నింపితే వేగాన్ని ఒక మెట్టు తగ్గిస్తాయి, అది జబ్బు కాదు.

బిగించేటప్పుడు

విండోస్‌లో షట్‌డౌన్ కొడితే ఫాస్ట్ స్టార్టప్ వల్ల సగం నిద్రలోనే ఉండొచ్చు. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ కొట్టండి. చార్జర్ పీకండి. మూత తీశాక ముందు బ్యాటరీ కనెక్టర్ విప్పండి. తర్వాత పవర్ బటన్ ఓ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంట్ పోతుంది. వొంట్లోని స్టాటిక్ పోవడానికి ఎర్త్ ఉన్న లోహపు వస్తువు ఏదైనా ముట్టుకోండి. పాలిస్టర్ దుప్పటి మీద కూర్చుని ఈ పని చేయకండి. గాలి పొడిగా ఉండే చలికాలంలో అయితే మరీ.

ముక్కను అంచుల దగ్గర పట్టుకుని, కాస్త ఏటవాలుగా స్లాట్‌లోకి తోసి, బంగారు రంగు గీతలు దాదాపు లోపలికి వెళ్లాయని చూసుకుని కిందికి నొక్కండి. రెండు పక్కలా క్లిప్పులు టక్‌మనాలి. ఒకవైపే టక్‌మంటే మళ్లీ తీసి పెట్టండి. పాత ముక్కల కాంటాక్టులు మసిబారితే మన షాపుల్లో రబ్బరుతో రుద్దుతారు. దాని పొడి స్లాట్‌లో పడుతుంది, పూత కూడా అరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తటి గుడ్డ మంచిది.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ నల్లగా ఉండిపోవచ్చు. కొత్త ర్యామ్‌తో సంకేతాల టైమింగ్ ఎలా ఉండాలో బయోస్ కొలుచుకుంటోంది, దాన్ని ట్రైనింగ్ అంటారు. డీడీఆర్5లో ఇది కొన్ని నిమిషాలు కూడా పట్టొచ్చు. ఫ్యాన్ తిరుగుతుంటే ఓపిగ్గా టీ తాగి రండి. మధ్యలో పవర్ నొక్కితే మళ్లీ మొదటికొస్తుంది.

పెట్టింది కనబడకపోతే

32 పెట్టాం, 16 చూపిస్తోంది. ముందు చూడాల్సింది బయోస్‌లో. అక్కడ 32 కనబడితే ర్యామ్ బాగానే ఉంది, తంటా అంతా విండోస్‌లో ఉంది. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో "మ్యాక్సిమమ్ మెమరీ" టిక్ ఎవరైనా పెట్టారేమో చూడండి. సెకండ్‌హ్యాండ్ మిషన్‌లో 32 బిట్ల విండోస్ ఉంటే మామూలుగా 4 జీబీ దాటదు, ఎందుకంటే 32 బిట్లతో రాయగలిగే అడ్రస్‌లు అంతే. టాస్క్ మేనేజర్‌లో "హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్" అని కొంత పోతే అది ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్ తీసుకున్న వాటా.

బయోస్‌లోనే కనబడకపోతే మూడు అనుమానాలు: ముక్క సరిగా కూర్చోలేదు, ముక్క పోయింది, లేదా స్లాట్ పోయింది. దీన్ని తేల్చే పద్ధతి ఒక్కటే. ఒకసారి ఒకే మార్పు చేయాలి. బాగుందని తెలిసిన ముక్క ఒక్కటి మొదటి స్లాట్‌లో పెట్టి ఆన్ చేయండి. అదే ముక్కను రెండో స్లాట్‌లో పెట్టండి. తర్వాత అనుమానమున్న ముక్కను మొదటి స్లాట్‌లో. ప్రతిసారీ ఫలితం కాగితం మీద రాయండి. ప్రశ్న ఇది: తప్పు ముక్క వెంట నడుస్తోందా, స్లాట్ దగ్గరే కూర్చుందా? ముక్క వెంట నడిస్తే ముక్క మార్చాలి. స్లాట్ దగ్గరే ఉండిపోతే ఎన్ని ర్యామ్‌లు కొన్నా బూడిదలో పోసిన పన్నీరే, బోర్డు రిపేరు చూసుకోవాలి.

ఇంకో కారణం కూడా ఉంది, ఇందులో ఎవరి తప్పూ లేదు. ఇంటెల్ నాలుగో తరం వరకు ల్యాప్‌టాప్‌లు డీడీఆర్3లో 16 జీబీ ముక్కను గుర్తించవు. ఒక్కో స్లాట్‌కు 8 జీబీయే హద్దు, నాలుగు స్లాట్లుంటే 32. ముక్క బాగుంది, స్లాట్ బాగుంది, కానీ మెమరీ కంట్రోలర్‌కు అంత సాంద్రత ఉన్న చిప్పులతో మాట్లాడే భాష రాదు.

అబద్ధమాడే ర్యామ్

మొదటి రెండు జబ్బులూ నయం. మిషన్ నెమ్మదిస్తుంది లేదా అంకె తక్కువ చూపిస్తుంది, మనకు తెలుస్తుంది. బ్లూ స్క్రీన్ వచ్చినా మంచిదే అంటాను నేను, కనీసం అరిచింది. మూడో జబ్బు అరవదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, ఇది ఇంటి దొంగ.

డబుల్ ప్రెసిషన్ అంకెలో 64 బిట్లుంటాయి. 52 భిన్నానికి, 11 ఘాతానికి, ఒకటి గుర్తుకు. భిన్నం చివరి బిట్టు తిరగబడితే ఎవరికీ నష్టం లేదు. ఘాతంలో చివరి బిట్టు తిరగబడితే అంకె రెట్టింపైనా అవుతుంది, సగమైనా అవుతుంది. 250 కిలోన్యూటన్ల లోడ్ ఒక్క బిట్టు తేడాతో సరిగ్గా 500 అవుతుంది. ప్రోగ్రామ్ ఆగదు, ఎర్రర్ రాదు, గ్రాఫ్ చక్కగా వస్తుంది.

నిరుడు మా ప్రాజెక్ట్‌లో జరిగింది ఇదే. నా పార్టనర్‌ది నాలుగు స్లాట్ల వర్క్‌స్టేషన్. రెండు 16లు ముందే ఉన్నాయి, ఇంకో రెండు 16లు కొత్తగా కొని వేశాం. 64 జీబీ కనబడింది, రెండు వారాలు హాయిగా నడిచింది. బిల్డింగ్ ఫ్రేమ్ మీద పద్నాలుగు లోడ్ కేసులు నడిపి టేబుల్ తయారుచేశాం. రివ్యూకు వారం ముందు ఒక కేస్ మళ్లీ నడిపితే పైఅంతస్తు డిస్‌ప్లేస్‌మెంట్ మూడో అంకె దగ్గరే మారింది. అదే కోడ్, అదే ఇన్‌పుట్.

"కోడ్‌లోనే ఏదో బగ్ ఉందిరా" అన్నాడు వాడు. పారలల్‌గా నడిపినప్పుడు కూడికల వరస మారి జవాబులో చిన్న తేడా రావడం మామూలే. కానీ అది ఎక్కడో చివరి అంకెల్లో ఉండాలి, మూడో అంకెలో కాదు. కోడ్‌ను పక్కన పెట్టి ఒక పెద్ద ఫైలు తీసుకున్నాం, విండోస్ ఐఎస్ఓ. దానికి ఎస్‌హెచ్ఏ-256 హ్యాష్ వరసగా నాలుగుసార్లు తీశాం. మూడుసార్లు ఒకటే వచ్చింది, ఒకసారి వేరే వచ్చింది. ఫైలు మారలేదు, జవాబు మారింది. ఇక కోడ్‌ను అనుమానించే పని లేదు.

ఆ రాత్రి మెమ్‌టెస్ట్86 ప్లస్ పెట్టాం. ఇది పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా బూట్ అయ్యే ఉచిత ప్రోగ్రామ్. ర్యామ్‌లోని ప్రతి గడిలో రకరకాల నమూనాలు రాసి, మళ్లీ చదివి పోల్చి చూస్తుంది. మొదటి పాస్‌లో సున్నా తప్పులు. వాడు పడుకున్నాడు. మిషన్ బాగా వేడెక్కాక రెండో పాస్‌లో మూడు ఎర్రర్లు ఎర్రగా కనబడ్డాయి. ఒక పాస్‌తో వదిలేసి ఉంటే ర్యామ్ బాగుందని సర్టిఫికెట్ ఇచ్చేసేవాళ్లం. వేడి పెరిగితే కెపాసిటర్ చార్జ్ త్వరగా కారుతుంది. చిప్పు 85 డిగ్రీలు దాటితే రిఫ్రెష్ రెట్టింపు వేగంతో చేయాలని ప్రమాణాల్లోనే ఉంది. అంచున ఉన్న చిప్పు చల్లగా ఉన్నప్పుడు పాసై, వేడిలో ఫెయిలవుతుంది. కాబట్టి పరీక్ష రాత్రంతా నడవాలి.

తర్వాత ముక్కలు ఒక్కొక్కటిగా, అన్నీ ఒకే స్లాట్‌లో పరీక్షించాం. అన్నీ కలిపి ఉంచితే అడ్రస్‌లు రెండు చానెళ్ల మధ్య పంచబడతాయి, ఎర్రర్ అడ్రస్ చూసి ఏ ముక్కదో చెప్పడం కష్టం. కొత్తవాటిలో ఒకటి దొరికింది. దాన్ని వేరే స్లాట్‌లో పెట్టినా తప్పు దాని వెంటే వచ్చింది. స్క్రీన్ ఫోటోలు చూపిస్తే షాపాయన మారు మాట్లాడకుండా వారంటీలో మార్చి ఇచ్చాడు. "తమ్ముడూ, అందరూ ఇట్లా ప్రూఫ్ పట్టుకొస్తే మాకు సగం పని తప్పుద్ది" అన్నాడు.

తేడా వచ్చిన కేస్ మళ్లీ నడిపి గైడ్ సార్ దగ్గరకు వెళ్తే ఆయన ఒక్కటే అడిగారు: "మిగతా పదమూడు సరైనవని ఎలా చెప్పగలరు?" మా దగ్గర జవాబు లేదు. పద్నాలుగూ రెండేసి సార్లు నడిపాం. టేబుల్‌లో మొత్తం రెండు వరసలు మారాయి. చూడటానికి ఆ రెండు వరసల్లో అనుమానించాల్సింది ఏమీ లేదు. నన్ను ఇప్పటికీ భయపెట్టేది అదే.

ర్యామ్ మార్చడంతో కథ అయిపోదు. చెడ్డ ర్యామ్ ఉన్నన్నాళ్లూ కాపీ చేసిన ఫైళ్లు, తీసిన బ్యాకప్‌లు కూడా ఆ ర్యామ్ గుండానే వెళ్లాయి. వాటిని పాత కాపీలతో హ్యాష్ పోల్చి చూడాలి. గిట్ వాడేవాళ్లు అదృష్టవంతులు, అది ప్రతి వస్తువుకూ హ్యాష్ దాస్తుంది, ఎఫ్ఎస్‌సీకే కమాండ్‌తో తనిఖీ చేస్తుంది. అనుమానం ఉన్నప్పుడు విండోస్ కొత్తగా వేయడం, పెద్ద ఫైళ్లు సర్దడం మాత్రం చేయొద్దు. మెమ్‌టెస్ట్ కోసం సెక్యూర్ బూట్ ఆపాల్సి వస్తే ముందు బిట్‌లాకర్ రికవరీ కీ రాసి పెట్టుకోండి. తర్వాత అది అడిగినప్పుడు వెతుక్కోవడం నరకం. విండోస్‌లో ఉన్న మెమరీ డయాగ్నస్టిక్ కూడా వాడొచ్చు. అది తప్పు పట్టుకుంటే నమ్మండి, పట్టుకోకపోతే మెమ్‌టెస్ట్ కూడా పెట్టండి. హ్యాష్ పరీక్షకూ ఇదే సూత్రం. ఇక మెమ్‌టెస్ట్‌లో ఎర్రర్ ఒక్కటే వచ్చింది కదా అని సర్దుకుపోవద్దు. ర్యామ్‌కు పాస్ మార్కు నూటికి నూరే.

ఛందస్సున్న ర్యామ్

బిట్లు తిరగబడటానికి పాడైన చిప్పే కానక్కర్లేదు. 1978లో ఇంటెల్‌కు చెందిన తిమోతీ మే, ముర్రే వుడ్స్ చిప్పుల ప్యాకింగ్ పదార్థంలోని రేడియోధార్మిక మలినాల నుంచి వచ్చే ఆల్ఫా కణాలు బిట్లను తిరగేస్తాయని చూపించారు. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలదీ అదే పని. 2003లో బెల్జియంలోని షార్‌బీక్‌లో ఎలక్ట్రానిక్ ఓటింగ్‌లో ఒక అభ్యర్థికి రావాల్సిన దానికన్నా సరిగ్గా 4096 ఓట్లు ఎక్కువ వచ్చాయి. వచ్చే వీలున్న ఓట్లకన్నా ఎక్కువ కావడంతో దొరికింది. 4096 అంటే 2 ఘాతం 12, ఒకే ఒక్క బిట్టు. అదేదో దానంతట అదే తిరగబడి ఉండాలని నిపుణులు తేల్చారు. గూగుల్ సర్వర్ల మీద రెండున్నరేళ్లు చేసిన పరిశీలన 2009లో వచ్చింది. ఏడాదిలో 8 శాతానికి పైగా ర్యామ్ ముక్కల్లో కనీసం ఒక తప్పు నమోదైంది.

దీనికి విరుగుడు మన పద్యంలోనే ఉంది. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాస. పద్యం ఎత్తిరాసేవాడు ఒక అక్షరం వదిలేస్తే గణం విరుగుతుంది, ప్రాస తప్పితే చెవికే తెలిసిపోతుంది. అర్థం తెలియకపోయినా తప్పు ఉందని చెప్పొచ్చు, చాలాసార్లు సరైన అక్షరం ఏదో కూడా ఊహించొచ్చు. వచనానికి ఈ సదుపాయం లేదు. మామూలు ర్యామ్ వచనం లాంటిది. ఈసీసీ ర్యామ్‌కు ఛందస్సు ఉంటుంది. ప్రతి 64 బిట్లకు ఇంకో 8 తనిఖీ బిట్లు చేర్చి 72గా దాస్తారు. ఒక బిట్టు తప్పితే దిద్దుతుంది, రెండు తప్పితే గుర్తించి చెబుతుంది. ఈ లెక్కకు పునాది బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హ్యామింగ్ 1950లో ప్రచురించిన పేపర్.

వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్‌లలో జియాన్ ప్రాసెసర్ ఉన్న చాలా మోడళ్లలో ఈసీసీ నడుస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో జియాన్ మిషన్ దొరికితే, లెక్కల పనికే వాడేట్టయితే, దానికి ఈసీసీ వేయడం మంచి ఖర్చు. ఈసీసీ, మామూలు ముక్కలు కలపకూడదు, అన్నీ ఒకటే రకం ఉండాలి. డీడీఆర్5లో "ఆన్-డై ఈసీసీ ఉంది కదా" అని షాపులో అంటారు. అది చిప్పు లోపల జరిగే సర్దుబాటు మాత్రమే. చిప్పు నుంచి ప్రాసెసర్ వరకు దారిలో జరిగే తప్పులను అది చూడదు, జరిగిందని మనకు చెప్పదు.

ఇక క్రమం చెబుతాను, ఇదొక్కటి గుర్తుంచుకున్నా చాలు. ముందు కమిటెడ్ చూసి నిజంగా చాలడం లేదో లేదో తేల్చండి. కోడ్‌లో తగ్గించగలిగింది తగ్గించండి. మాన్యువల్, లేబుల్ చదివి సరైన ముక్క కొనండి. బిగించాక బయోస్‌లో మొత్తం చూడండి. ఆ రాత్రే, ఒక్క లెక్క కూడా నడపకముందే, తెల్లారేదాకా మెమ్‌టెస్ట్ పెట్టండి. రిపోర్ట్‌లోకి వెళ్లే ప్రతి ముఖ్యమైన అంకెనూ రెండుసార్లు నడపండి, వీలైతే వేరే మిషన్‌లో.

చివరిగా, మూత బిగించే ముందు చిన్న కాగితం మీద ఏ స్లాట్‌లో ఏ ముక్క, ఏ తేదీన వేశారు, ఎన్ని గంటలు పరీక్షించారు అని రాసి ఫోటో తీసుకోండి. రెండేళ్ల తర్వాత ఆ మిషన్ మీ జూనియర్ చేతికి వెళ్తుంది. అప్పుడు ఫోటో కూడా పంపండి, వాడు సున్నా నుంచి మొదలుపెట్టక్కర్లేదు.